దారి వంగితేనే కాలు బ్రేకు మీదికి వస్తుంది

పోయిన నెల ఒక సాయంత్రం స్వప్న ఫోన్ చేసింది. రోడ్ల శాఖలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజనీర్. నేను అదే శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యే ముందు దేవరుప్పుల దిక్కు ఒక చౌరస్తాలో కట్టించిన సర్కిల్ ఇప్పుడు ఆమె పరిధిలో ఉంది. 

"సార్, ఊరోళ్లు సర్కిల్ల రాళ్లు అడ్డం పెట్టిన్రు. రేపటికల్లా తీసెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చింది. తీస్తే ఎవరో ఒకరు పాణం మీదికి తెచ్చుకుంటరు. తియ్యకపోతే నన్ను సస్పెండ్ చేస్తరట. ఏం జెయ్యాలె సార్?"

"రేపు పొద్దున నేనొస్తున్న. అప్పటిదాక ఒక్క రాయి కదలనియ్యకు" అని చెప్పి పెట్టేశాను.

ఆ రాళ్లు అక్కడికి ఎట్లా వచ్చాయో, మరునాడు ఏం జరిగిందో ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. వాటితో మీకు పని లేదు. కోపం మాత్రం ఉంటుంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ దాన్ని దిగమింగుకొని బతికాను. ఇప్పుడు పింఛను తీసుకునేవాణ్ని, ఇంకా మింగాల్సిన అవసరం నాకు లేదు.

డ్రైవర్ తప్పిదం

నా మొదటి పోస్టింగుల్లో ఒకటి భూపాలపల్లి. బొగ్గు లారీల రోడ్డు. అడవిలో ఒక మలుపు ఉండేది. వానాకాలం వస్తే చాలు, ఏదో ఒక బండి అక్కడ పల్టీ కొట్టేది. కబురు రాగానే మా బాసు జీపులో బయల్దేరేవాడు, నేను వెనక సీట్లో. ఆయన జీపు దిగేవాడు కాదు. అద్దం కొంచెం దించి, బోల్తా పడ్డ బండిని చూసి, "డ్రైవర్ తప్పిదం. రాసెయ్" అనేవాడు. అద్దం మళ్లీ పైకి పోయేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "సార్, డ్రైవర్లు వేరు, బండ్లు వేరు, ఊర్లు వేరు. అందరూ వచ్చి ఇదే మలుపుల తప్పు చేస్తున్నరంటే మలుపుల ఏదో ఉన్నట్టు గద?"

ఆయన వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. "రోడ్డుది తప్పని రాస్తే, రోడ్డు ఏసిందెవరయ్యా? మనమే గద. నీ మీద నువ్వే కేసు పెట్టుకుంటవా?"

ఆయన చెడ్డవాడు కాదు. ఇంట్లో మంచి మనిషి, మాకందరికీ పండుగకు భోజనం పెట్టేవాడు. కానీ "డ్రైవర్ తప్పిదం" అన్న ఆ ఒక్క మాట కింద మా వాళ్లు ఎంతమంది చావుల్ని పాతిపెట్టారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పేపర్లో "అతివేగం", "నిద్రమత్తు", "అజాగ్రత్త" అని వస్తుంది చూడండి, ఆ మాటలు సగం మా ఆఫీసుల్లో పుట్టినవే. చనిపోయినవాడు లేచి వచ్చి కాదని చెప్పడు కదా.

తర్వాత మహబూబాబాద్‌లో దొరికిన బాసు వేరే రకం. ఆయన జీపులో ఎప్పుడూ ఒక మడత స్టూలు ఉండేది. యాక్సిడెంట్ అయిన చోట రోడ్డు పక్కన స్టూలు వేసుకొని కూర్చునేవాడు. ఏమీ మాట్లాడడు, వచ్చే పోయే బండ్లను చూస్తుంటాడు. మేము ఎండకు మాడిపోతూ పక్కన నిలబడేవాళ్లం. ఒకరోజు దంతాలపల్లి దారిలో నన్ను పిలిచి రోడ్డు చూపించాడు.

"టైర్లు గీకిన గుర్తులున్నయా?"

"లేవు సార్."

"అంటే బ్రేకే ఎయ్యలే. ఆపాలని ఆనికి తెల్వనే తెల్వదు. బోర్డు పెట్టినం అంటవు. బోర్డు ఎవడు సదువుతడు? డ్రైవర్‌కు రోడ్డే చెప్పాలె. ముందల దారి సక్కగ కనబడితే ఎంత మంచోడైనా కాలు తియ్యడు. దారి వంగితేనే కాలు బ్రేకు మీదికొస్తది."

కాలేజీలో చదివిందంతా ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు. మీరు ఏ డ్రాయింగు వేసినా, వేసే ముందు వెళ్లి అక్కడ కూర్చోండి. స్టూలు లేకపోతే నేల మీద కూర్చోండి, ఏమీ కాదు.

శవం ఉన్నంతసేపు

ఇప్పుడు ఆ చౌరస్తా సంగతి. ఊరి పేరు రాయను. హైవే రెండు వైపులా దూరం నుంచీ తిన్నగా వస్తుంది. లింగాల ఘనపూర్ దిక్కు నుంచి వచ్చే ఊరి రోడ్డు దాన్ని అడ్డంగా దాటుతుంది. ఊరి రోడ్డు ఎత్తుకు ఎక్కి వస్తుంది కాబట్టి, పైకి వచ్చేదాకా ట్రాక్టర్ మీదున్నవాడికి హైవే కనిపించదు. హైవే మీద వచ్చేవాడికి ట్రాక్టర్ కనిపించదు. ఇద్దరూ ఒకరికొకరు కనిపించేసరికి చేయడానికి ఏమీ ఉండదు.

అక్కడ ఎవరైనా పోతే ఊరంతా రోడ్డు మీదికి వచ్చేది. శవాన్ని రోడ్డు మీద పెట్టి రాస్తారోకో. అప్పుడు పోలీసు వస్తాడు, తహసీల్దారు వస్తాడు, మేమూ వస్తాం. "స్పీడ్ బ్రేకర్ వేయిస్తాం" అని హామీ. శవం లేచేది, మేమూ లేచేవాళ్లం. ఒక్కోసారి నిజంగానే ఆ పూటే తారు తెచ్చి ఒక గడ్డ పోసేవాళ్లం. కొన్నాళ్లకు ఎవరో పెద్దమనిషి కారుకు కింద తగిలిందని ఫోన్ వచ్చేది, హైవే మీద గడ్డలు రూల్సుకు విరుద్ధమని చెక్కేసేవాళ్లం. రూల్సు అప్పుడు గుర్తొచ్చేవి. మళ్లీ ఒకరు పోయేవారు. ఈ తతంగం ఎన్నేళ్లు సాగిందో చెప్తే మాకే సిగ్గుచేటు.

అట్లా పోయినవాళ్లలో కొమురయ్య ఒకడు. పొద్దున్నే టీవీఎస్ మీద పాల క్యాన్లు పెట్టుకొని పోతుంటే లారీ కొట్టింది. ఆయన భార్య ఎల్లవ్వ.

ఎల్లవ్వ కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణికి రావడం మొదలుపెట్టింది. ఒక సోమవారం కాదు, విడవకుండా వచ్చేది. అధికారులందరూ వరసగా కూర్చుంటారు, జనం ఒక్కొక్కరే వచ్చి బాధ చెప్పుకుంటారు. ఆమెను చూడగానే మా వరసలో ఎవరో ఒకరు "ఎక్స్‌గ్రేషియా పైసలు రాలేదా అమ్మా?" అనేవారు.

"నాకు పైసలొద్దు సారూ. పోయినోడు ఎట్లగు పోయిండు. నా బిడ్డ మౌనిక రోజు గదే రోడ్డు దాటి జనగామ కాలేజికి పోతది. గాడ బండ్లు ఆగెటట్టు జెయ్యుండ్రి. గంతే."

ఆ వరసలో అందరం చదువుకున్నవాళ్లమే. డబ్బు అడిగితే మాకు జవాబు ఉంది, ఫైల్ పంపించామని చెప్తాం. ఆమె అడిగినదానికి పంపడానికి ఫైలే లేదు. కలెక్టర్ నా వైపు చూసి, "మీరేం చేయగలరో చెప్పండి" అన్నారు. సర్కిల్ కట్టాలని చెప్పాను. హైవే వేగానికి ఎదురుగా ఒక గుండ్రం పెడితే, దారి తిన్నగా పోవడానికి ఉండదు. ఎంత మొండివాడైనా వంగి తిరగాల్సిందే, తిరగాలంటే వేగం తగ్గించాల్సిందే.

ఉత్తగ ఉంచుటానికే

గుండ్రానికి జాగా కావాలి. ఒక మూలన పత్తి చేను మాజీ సర్పంచ్ రాజిరెడ్డిది. ఇంటికి పోతే మర్యాదగా కూర్చోబెట్టి చాయ ఇప్పించాడు.

"జాగ ఇస్త సారూ, సర్కారు రేటుకే ఇస్త. గని నడుమల మా బాపు విగ్రహం పెట్టాలె."

"పటేలా, విగ్రహం పెడితే జయంతికి దండలు, వర్ధంతికి మీటింగు. రోడ్డు నడుమల జనం జమైతే నేను కట్టుడెందుకు?"

"మరి గంత జాగ ఉత్తగనే ఉంచుతవా?"

"ఉత్తగ ఉంచుటానికే కడుతున్న."

ఆయన నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు. ఆ సాయంత్రమే ఇంకో పార్టీవాళ్లు వచ్చారు. రాజిరెడ్డి తండ్రిది పెడితే మా నాయకుడిది పెట్టాలన్నారు. మూడోవాళ్లు జెండా గద్దె చాలన్నారు. మన దిక్కు సర్కిల్ అంటే విగ్రహానికి పీఠమే. దాని చుట్టూ తిరిగే బండ్లు ఎవరికీ పట్టవు. పది గజాల ఖాళీ నేల కనిపిస్తే మనవాళ్ల చేతులు ఊరుకోవు. కొసకు ఎవరిది పెడదామన్నా మిగతావాళ్లు ఒప్పుకోలేదు కాబట్టి నడుమ గడ్డి మొలిచింది. నా ఇంజనీరింగ్ తనంతట తాను నెగ్గలేదు, వాళ్ల పంతాలే దాన్ని నెగ్గించాయి. రాజిరెడ్డి మాత్రం జాగా ఇచ్చాడు. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే.

సర్కిల్ పూర్తయింది. నీలం బోర్డుల మీద తెల్ల బాణాలు పెట్టాం. ఎవరూ చూడలేదు. ఆటోవాళ్లు దగ్గరి దారని ఎదురుగా దూరుతున్నారు, బైకులవాళ్లు ఎటుపడితే అటు. నేను పక్కన నిలబడి గొంతు పోయేట్టు అరిచాను. ఎల్లవ్వ రోడ్డు పక్క నిలబడి చూస్తోంది. ఒక ఆటోను ఆపి డ్రైవర్‌తో అన్నది.

"గుడికి పోతే సుట్టు ఎట్ల తిరుగుతవురా?"

"దేవుడు కుడిచెయ్యి దిక్కుంటడు."

"గట్లనే తిరుగు. నడుమల దేవుడున్నడనుకో, లేకుంటే నువ్వే దేవుని దగ్గరికి పోతవు."

ఆ మాట ఊర్ల మీద పాకింది. కొద్దిరోజులకే ముసలివాళ్లు కూడా "ప్రదక్షిణ బాట" అనడం మొదలుపెట్టారు. బోర్డుల మీద పెట్టిన ఖర్చు తలుచుకొని నవ్వుకున్నాను. బండ్లు నెమ్మదించాయి. చిన్న చిన్న గీతలు, తిట్టుకోవడాలు ఉన్నాయి కానీ అక్కడ ఎవరూ చావలేదు. నా సర్వీసులో నేను గర్వంగా చెప్పుకునేది ఆ గడ్డి మొలిచిన గుండ్రమే.

వడ్లు

యాసంగి వరి కోతలు వచ్చాయి. ఒక ఉదయం జీపులో అటు పోయాను. సర్కిల్ చుట్టూ సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. అంచులకు తలకాయంత రాళ్లు. కొత్త తారు, వెడల్పు రోడ్డు, మంచి ఎండ. వడ్లు ఎండడానికి అంతకంటే మంచి జాగా చుట్టుపక్కల లేదు. ఆర్టీసీ బస్సు వడ్లను తప్పించి ఎదురు దిక్కు నుంచి గుండ్రం తిరుగుతోంది. ఇవతలి నుంచి సిమెంటు లారీ వస్తోంది. రెండూ మూతులు ఆనించినంత దగ్గర ఆగాయి.

జీపు దిగి ఉరికాను. వడ్లను కాలితో అటూ ఇటూ తిరగేసి నెరుపుతున్న మనిషి తలెత్తింది. ఎల్లవ్వ.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "నువ్వేనా ఎల్లవ్వా? బిడ్డ పాణం కోసం కలెక్టర్ దగ్గర ఏడిసిందానివి నువ్వే గద? ఇప్పుడు నువ్వే బాట మూసినవా?"

ఆమె అరవలేదు. కాలితో వడ్లు నెరుపుతూనే అన్నది. "కొనుగోలు సెంటర్ల తేమున్నదని తూకం ఎయ్యరు సారూ. ఎండబోసుకొని రమ్మంటరు. ఏడ ఎండబొయ్యాలె? సెంటర్ల కల్లమున్నదా? మట్టిల పోస్తె మట్టి కలిసిందని కటింగు. వాన మొగులైతుంది. నువ్వే చెప్పు ఏడ పొయ్యాలెనో, గాడ పోస్త."

 రైతులు రోడ్ల మీద వడ్లు పోసి ప్రమాదాలు తెస్తున్నారని మేము ఏటా ప్రకటనలు ఇస్తాం, కేసులు పెడతామని బెదిరిస్తాం. పండించమన్నది సర్కారే, ఎండబెట్టి తెమ్మన్నది సర్కారే. ఎండబెట్టే జాగా అడిగితే మాత్రం అది మా శాఖ కాదు. నేనూ ఆ శాఖల్లో ఒకణ్నే. ఒక శాఖ ఆమె వడ్లను రోడ్డు మీదికి తోసింది, ఇంకో శాఖనై నేను ఆమె మీద అరుస్తున్నాను.

సర్కిల్ కోసం ఊరి రోడ్డును కొంచెం పక్కకు వంచాం. అప్పుడు పాత తారు రోడ్డు ముక్క ఒకటి వాడకుండా మిగిలింది. రూలు ప్రకారం తవ్వేయాలి. నేను తవ్వించలేదు. రెండు కొసలా మట్టి కట్టలు పోయించి, బండ్లు రాకుండా చేసి, "ఇది మీ కల్లం. గుండ్రం మీద ఒక్క గింజ కనబడితే మాత్రం ఊకోను" అన్నాను. ఆడవాళ్లే వరస పెట్టుకున్నారు, ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు. గుండ్రం ఖాళీ అయింది. కల్లాలు కట్టడం మన శాఖ పని కాదని నాకు మెమో వచ్చింది. రోడ్డు మీద మనుషులు చావకుండా చూడడం ఎవరి పని అని రాశాను. దానికి తిరుగు జవాబు రాలేదు.

తర్వాత రిటైరయ్యాను. శాలువా కప్పారు, ఫొటో దిగాం.

సారు కాన్వాయ్

మొన్నటి చలికాలం ఆ దారిలో ఒక పెద్ద నాయకుడి సభ. పేరు రాయను. పేరు రాస్తే ఆయన ఒక్కడే ఇట్లా చేస్తాడని మీరనుకుంటారు. కాన్వాయ్ వేగం తగ్గకూడదని ఎవరో అన్నారు. ఆయన అన్నాడో, పక్కవాడు అన్నాడో, అసలు ఎవరూ అనకుండానే అధికారులు ముందే భయపడ్డారో తెలియదు. సభకు ముందు రోజు జేసీబీ వచ్చి సర్కిల్ రెండు దిక్కులా అంచు రాళ్లను పెకిలించింది. నడుమ గడ్డి మీద మొరం మట్టి పోసి రోలర్ తిప్పారు. హైవే మళ్లీ తిన్నగా అయింది. సభ అయ్యాక కట్టేస్తామన్నారు.

కాన్వాయ్ ఎంతసేపట్లో దాటి ఉంటుంది? దుమ్ము అణిగేలోపు. ఆ దుమ్ము కోసం ఊరి ప్రాణాలను మళ్లీ పాత చోటికే తెచ్చి పెట్టారు. సభ అయింది, కుర్చీలు పోయాయి, ఫ్లెక్సీలు ఆటోలకు పరదాలయ్యాయి. గుండ్రానికి కొట్టిన గండి మాత్రం అట్లాగే ఉంది. హైవే డ్రైవర్లకు తిన్నని దారి దొరికింది, ఇంకెవడు వంగుతాడు? ఊరివాళ్లు పాపం రూలు ప్రకారం గుండ్రం తిరుగుతూనే ఉన్నారు. అట్లా తిరుగుతున్న ఆటోకు గండిలోంచి దూసుకొచ్చిన డీసీఎం వ్యాను వెనక నుంచి తగిలింది. ఆటో బోర్లా పడింది. అందులో మౌనిక ఉంది.

జనగామ దవాఖానలో నుదుటికి కుట్లు వేశారు. భుజం ఎముక విరిగింది. బతికింది.

ఎల్లవ్వ బిడ్డను దవాఖాన నుంచి తెచ్చి ఇంట్లో పడుకోబెట్టింది. పాత రోడ్డు కల్లం దగ్గర వడ్ల అంచులకు పెట్టే రాళ్లు గుట్టగా ఉంటాయి. ఆడవాళ్లందరూ కలిసి వాటిని గంపల్లో మోసుకొచ్చి గండి రెండు కొసలా పేర్చి మూసేశారు. దూరం నుంచే కనబడాలని సున్నం కొట్టారు, డ్రమ్ములు నిలబెట్టి ఎర్ర చీర ముక్కలు కట్టారు. రాస్తారోకో చేయలేదు, ఎవరినీ తిట్టలేదు. హైవేకు అడ్డంగా రాళ్లు పెట్టారని మరునాడే పోలీసులు వచ్చారు. రాళ్లు తీయమని స్వప్నకు ఆర్డరు వచ్చింది. గండి కొట్టినవాణ్ని అడిగేవాడు లేడు, మూసినవాళ్ల మీద కేసు.

రాళ్లు తీయమన్నారు

నేను పోయేసరికి స్వప్న జేసీబీ పక్కన నిలబడి ఉంది. కానిస్టేబుల్ ఒకతను వచ్చాడు. ఎల్లవ్వ సున్నం కొట్టిన రాయి మీద కూర్చుంది, వెనక ఊరి ఆడవాళ్లు. పక్కనే భుజానికి కట్టుతో మౌనిక.

"కేసు రాస్తే ముందు నా పేరు రాయి" అని కానిస్టేబుల్‌తో అన్నాను. "ఈ గుండ్రం కట్టింది నేను."

అతను తల గోక్కున్నాడు. "మాకు మాత్రం ఇష్టమా సార్. మా అక్కది గూడ గీ ఊరే."

స్వప్నను పక్కకు పిలిచాను. ఆర్డరు చూపించమన్నాను. ఫోన్లో చూపించింది.

"ఏమున్నది ఇందుల?"

"సర్కిల్ల అడ్డం పెట్టిన రాళ్లు తొలగించాలె అని."

"గండి తెరిసి ఉంచాలెనని ఉన్నదా?"

ఆమె మళ్లీ చదివింది. "లేదు సార్."

"పెకిలించిన అంచు రాళ్లు ఏడున్నయ్?"

"మన ఆఫీసు గోదాం వెనుక పడున్నయ్."

"తెప్పియ్. ఒక్కో రాయి తీసినకాడ ఒక్కో అంచు రాయి నిలబెట్టు. ఆర్డరు అమలు చేసినట్టే గద."

స్వప్న నా ముఖం చూసింది, తర్వాత మౌనిక నుదుటి వైపు చూసింది. ట్రాక్టర్‌కు ఫోన్ చేసింది.  పొద్దు వాలేసరికి గుండ్రం మళ్లీ గుండ్రమైంది. హైవే మీద నుంచి వచ్చిన మొదటి లారీ వేగం తగ్గించి, వంగి, కుడిచేతి పక్కన గుండ్రాన్ని పెట్టుకొని చుట్టు తిరిగి పోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎల్లవ్వ మాత్రం జేసీబీ దగ్గరికి వచ్చి, "మా రాళ్లు మాకియ్యుండ్రి, కోతలొస్తున్నయ్" అని లెక్కగా అడిగి కల్లం దగ్గర దింపించుకుంది.

వారం తిరక్కుండా స్వప్నకు మెమో వచ్చింది. ఎవరి అనుమతితో అంచు రాళ్లు నిలబెట్టావని. ఎవరి అనుమతితో పెకిలించారని ఇన్నాళ్లలో ఒక్కరూ అడగలేదు. జవాబు ఎట్లా రాయాలని ఆమె నన్ను అడగలేదు. తానే రాసి, ఫోన్లో చదివి వినిపించింది. "ప్రమాదకరంగా మారిన కూడలిని దాని డిజైన్ ప్రకారం సరిచేశాను. తప్పు రోడ్డుది, డ్రైవర్లది కాదు." ఆ రెండో వాక్యం రాయడానికి మా బాసులకు జీవితాలు సరిపోలేదు.

పైవాళ్లు ఏం చేస్తారో ఇంకా తెలియదు. ఆ పిల్లను ఏమన్నా చేస్తే వచ్చే సోమవారం ప్రజావాణిలో, నేను ఎన్నో ఏళ్లు కూర్చున్న కుర్చీల ముందు, ఈసారి నేను నిలబడతాను. ఎల్లవ్వ తోడు వస్తానంది. ఎక్కడ నిలబడాలో, ఎవరి కళ్లలోకి చూసి అడగాలో ఆమెకు బాగా తెలుసు.